రెండు బుట్టల తొక్క

కాఫీ పళ్ళు ఒలిచాక మిగిలే ఎర్రటి తొక్కను సోంబరు ఎన్నడూ పారేసి ఎరగడు. అరకు దగ్గర కొండవాలులో అతనికి ఎకరన్నర కాఫీ తోట ఉంది. మిరియాల పాదుల మొదట్లో తొక్క వేస్తే తీగ చెట్టు కొస దాకా పాకుతుందని అతని నమ్మకం. "తొక్క తిన్న మొక్క సచ్చిందంటే నా పేరు మార్సీయండి" అని ఊరంతటికీ చెప్పేవాడు.

ఆ నమ్మకమే అతని కొంప ముంచింది.

పక్కింట్లో వదిన కృపావతి ఒక్కతే ఉంటుంది. ఆమె పెరట్లో నీళ్ళ గుంత ఉంది. సోంబరు అన్న ధర్మ బతికుండగా తవ్విన గుంత అది. దాని నిండా నీలి కలువలు. ఆదివారమైతే నాలుగు పూలు కోసి చర్చిలో బల్ల మీద పెట్టేది. రెండేళ్ళుగా కళ్ళకు పొర కమ్మడంతో పువ్వును చేత్తో తడుముకుని కోస్తోంది. డిసెంబరులో కూతురు సౌందర్య వచ్చి, ఆపరేషన్ చేయించడానికి విశాఖపట్నం తీసుకెళ్ళింది.

బస్సెక్కే ముందు కృపావతి ఒకటికి రెండుసార్లు చెప్పింది. "పండుటాకు తుంచు. నీళ్ళు తగ్గితే పొయ్యి. ఇంకేటీ సెయ్యకు మరిదీ. తిరిగొచ్చీసరికి ముందుగా ఆ నీలం రంగే సూడాల నాను."

ఏమీ చెయ్యకుండా కూర్చోవడం సోంబరుకు చేతకాని పని. వదిన కొత్త కళ్ళతో చూసేసరికి గుంతలో పువ్వుకు పది పువ్వులుండాలనుకున్నాడు. కాఫీ పళ్ళు మర ఆడించిన రోజు రెండు బుట్టల పచ్చి తొక్క తెచ్చి నీళ్ళలో కుమ్మరించాడు.

నాలుగో రోజుకు నురగ లేచింది. వారానికి నీళ్ళు నల్లబడి, ముక్కు మూసుకోవలసిన కంపు కొట్టాయి. ఆకులు ఉడికిన కూరలా మెత్తబడి మునిగిపోయాయి. తొక్క తోడి పారబోశాడు, కొండవాగు గెడ్డ నుంచి కావిళ్ళతో మంచినీళ్ళు మోశాడు. ఒక్క ఆకూ తిరిగి లేవలేదు.

నెల తరువాత కృపావతి దిగింది. నల్ల కళ్ళద్దాలతో, భుజాన సంచీ కూడా దించకుండా తిన్నగా పెరట్లోకే వచ్చింది.

"ఏటైపోనాయి?"

"సలి వదినా. ఈ ఏడు మంచు తెగ కురిసీసింది."

అబద్ధం అంత సులువుగా వస్తుందని అతనికే తెలియదు. ఆమె ఖాళీ నీళ్ళకేసి చూసి, "నీ తప్పేటుంది? ఎల్లకుండా ఉండాల్సింది నాను" అంది. నెల్లాళ్ళు కాపలా కాశాడని ఆ మధ్యాహ్నం నాటుకోడి కూర వండి పంపింది. సోంబరు గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

వారం తిరిగాక ఆమే పిలిచింది. "ఈ సలికి కలువలు ఆగవు. గుంత పూడ్సీసి పసుపు ఏసుకుంటాను. నాలుగు తట్టల మట్టి మొయ్యి మరిదీ."

మొదటి తట్ట ఎత్తుకుని గట్టు మీదికొచ్చి ఆగిపోయాడు. అడుగున ఒక్క దుంప బతికున్నా ఈ మట్టి కింద అదీ పోతుంది. తట్ట దించాడు.

"వదినా, సలి కాదు. నానే. తొక్క ఏసినాను."

కృపావతి కళ్ళద్దాలు తీసింది. "ఎన్ని బుట్టలు?"

"రెండు."

"పచ్చిదా?"

"పచ్చిదే."

"కలువకి ఎరువు కావాలంటే బంకమట్టి ముద్దలో పెట్టి దుంప పక్కన అదుముతారు. నీళ్ళలో కుమ్మరిత్తారా ఎవరైనా? వారం నుంచీ పాపం సలిని తిట్టించినావు నా సేత. కోడిని కూడా తినీసినావు!"

"తిననేదు వదినా. కుక్కకేసినాను."

"నయమే. అదీ గుంతలో ఎయ్యనేదు."

నవ్వకుండానే అంది. వంగకూడదని డాక్టరు చెప్పాడు కనుక గట్టు మీద పీట వేసుకుని కూర్చుంది. సోంబరు నీళ్ళు తోడేసి, మోకాలి లోతు బురదలో చేతులు పెట్టి దుంపలు వెతికాడు. ఒక్కొక్కటీ ఆమె చేతికిస్తే నొక్కి చూసేది. మెత్తగా ఉంటే అవతలికి గిరాటు. గట్టిగా ఉంటే ఒళ్ళో. ఇరవై దుంపల్లో ఒళ్ళోకి చేరినవి మూడు. వాటిని బంకమట్టి నింపిన మట్టి చట్టుల్లో మొలక పైకి ఉండేలా నాటించి, పైన గులకరాళ్ళు పరిపించి, గుంత అడుగున దింపించి మళ్ళీ మంచినీళ్ళు పోయించింది. ఎండకు అడ్డొస్తున్న జామకొమ్మ కొట్టించింది. ఆ రోజంతా అతన్ని మరిదీ అని పిలవలేదు.

ఉగాది దాటాక ఒక పువ్వు విచ్చింది. కృపావతి గోడ మీంచి కేకేసింది. "మరిదీ, బేగి రా. సూడు, ఇదీ నీలం."

వచ్చి చూశాడు. పువ్వు బాగానే ఉంది. అతని కళ్ళు మాత్రం దాని చుట్టూ ఉన్న ఖాళీ నీళ్ళ మీదే ఉన్నాయి.

సోంబరు ఇప్పటికీ తొక్క పారెయ్యడు. కానీ ఆ బుట్ట నెత్తిన ఉన్న రోజు వదిన పెరటి పక్క దారిన రాడు. గెడ్డ దాటి, ఊరు చుట్టి, తోటకు పోతాడు.