మురిగిన గుడ్లకు నేను చెప్పిన జవాబు

మా అత్త ఇంటి తాళాలైనా ఇస్తుందేమో గానీ పొదుగుకొచ్చిన పెట్టను మాత్రం ఇంకొకరి చేతిలో పెట్టదని మా చుట్టాలందరికీ తెలుసు. అలాంటిది నేను కాపరానికొచ్చిన ఏడాదే ఆ భాగ్యం నాకు దక్కింది. వెల్దుర్తిలో మా ఆడబిడ్డ జ్వరంతో మంచం పట్టిందని కబురొస్తే ఆమె పోక తప్పలేదు. పోయే ముందు గంపలో ఊక పోసి, గడ్డి పరిచి, గుడ్లు పేర్చి, ఉరుములకు మురిగిపోకుండా అడుగున ఓ ఇనప మేకూ బొగ్గు ముక్కా పెట్టింది. పెట్టను పైన కూర్చోబెట్టి నా వైపు తిరిగింది.

"ఏమే, ముట్టు చెయ్యి గానీ ముట్టు నీడ గానీ దీని మీద పడనియ్యమాక. పడిందా, ఒక్క గుడ్డు మిగలదు."

నేను ఆ గంపను కంటికి రెప్పలా కాచాను. రోజూ పెట్టను దింపి నాలుగు జొన్నలు వేసి, నీళ్లు పెట్టి, అది మళ్లీ ఎక్కి రెక్కలు సర్దుకునేదాకా కదిలేదాన్ని కాదు. నేను బయట చేరితే దీన్నెవరు చూస్తారా అని ఒకటే దిగులు. ఆ రోజు రానే లేదు. అంతకు ముందు నెలా రాలేదు గానీ, అప్పుడు నాదెండ్లలో మా పుట్టింట్లో ఉండి, ఒంట్లో వేడి అని సరిపెట్టుకున్నాను. ఈసారి అనుమానం గట్టిపడింది. ఎవరితో చెప్పను? మామతో చెప్పే మాట కాదు. మా ఆయనతో పగటిపూట మాట్లాడటమే ఆ ఇంట్లో తప్పు, చీకటి పడితే నాకు నోరు రాదు. అత్త వచ్చాక మెల్లగా ఆమె చెవిన వేద్దామనుకున్నాను.

అత్త వచ్చేసరికి పిల్లలు లేవాల్సిన గడువు దాటిపోయింది. వచ్చీ రాగానే గంప దగ్గర కూర్చుని ఒక గుడ్డు చెవి దగ్గర ఊపి చూసింది. ఇంకోటి చితక్కొట్టింది. ఆ కంపుకి, కుండ పెంకులో నిప్పు పట్టుకుపోదామని వచ్చిన పక్కింటి సాయిబులావిడ పైట ముక్కుకడ్డం పెట్టుకుంది.

"నేను లేనప్పుడు బయటున్నావా?" అనడిగింది అత్త.

"లేదత్తా."

నిజమే చెప్పాను. ఆ నిజమే నన్ను ముంచింది. అత్త సాయిబులావిడను అడిగింది, కోడలు బయట కూర్చోవడం చూశావా అని. పాపం ఆవిడ ఉన్నమాటే చెప్పింది. "లేదక్కా, ఒక్కనాడూ చూళ్లేదు."

"అయితే దాచిందన్నమాట. ముట్టు దాచుకుని ఇల్లంతా కలిపింది. ఆ చేత్తోనే మీ మామకు కూడు పెట్టావటే? ఇదేందే, మీ అమ్మ నేర్పిన బుద్ధేనా?"

వసారాలో చుట్ట కాలుస్తున్న మామ మొహం అటు తిప్పుకున్నాడు. పుంజు సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. పెట్ట గుడ్లకు రాకముందే అల్లుడొచ్చాడని దాన్ని కోసి వండేశారు, పుంజు లేని గుడ్డు పిల్ల కాదు, నాపరాళ్ల గోడ దాటి ఇంకో పుంజు మా దొడ్లోకి వచ్చే దారీ లేదు. ఇంట్లో కోడలుండగా పుంజు ఊసు ఎవరికి కావాలి.

నన్నంటే పడేదాన్నేమో. మా అమ్మనన్నాక తట్టుకోలేకపోయాను.

"దాచలేదత్తా. నాకు రెండు నెలల నుంచి రావట్లేదు."

ఆ మాట నోట్లోంచి పోయాక చూశాను, చొప్ప మోపుతో మా ఆయన దొడ్డి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మామ దగ్గుకుంటూ కర్ర తీసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఏ ఆడపిల్లయినా తల వంచుకుని, మొహం దాచుకుని చెప్పుకునే కబురది. నేను దాన్ని నలుగురి ముందూ నేరం మోపితే సంజాయిషీ ఇచ్చుకున్నట్టు చెప్పుకున్నాను, అదీ గుడ్ల కోసం.

అత్త మొహం విచ్చుకుంది. "ఆ మాట ముందే ఏడవొచ్చుగా" అంటూ సొన అంటిన చేత్తోనే నా గడ్డం పట్టుకుంది. ఆ వాసనకు అక్కడే వాంతి చేసుకున్నాను. దాంతో అందరికీ నమ్మకం కుదిరింది. సాయిబులావిడ నవ్వుతూ నీళ్లు తెచ్చి మొహం కడిగింది గానీ, నాకు తల ఎత్తాలనిపించలేదు. సాయంత్రానికి మా వీధి ఆడవాళ్లందరికీ కబురు తెలిసింది, మురిగిన గుడ్లతో సహా. పురుడొచ్చేదాకా నన్ను చూస్తే ముందు గుడ్ల మాట, తర్వాతే కడుపు మాట.

మా పెద్దమ్మాయి తనకు నెల తప్పినప్పుడు ఓసారి అడిగింది, తను కడుపులో పడిందని తెలిసి నాన్న ఏమన్నాడని. నవ్వాడని చెప్పాను. ఆయన నవ్వలేదు. మోపు దించి, నా వంక చూడకుండా, వాళ్లమ్మ చూపించిన గంప ఎత్తుకుని పెంటదిబ్బకు పోయాడు.