కెరటాలకు ఎదురు పాడిన గొంతు

నిన్న సాయంత్రం, మమ్మల్ని చూడ్డానికొచ్చి అన్నం కలుపుతున్న మా నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పెరట్లో మా అబ్బాయి, ఎక్కడో దాక్కున్న చెల్లెల్ని పిలుస్తున్నాడు. ఆ పిలుపు పైకి పోయి, గీత గీసినట్టు నిలబడింది. నాయన కళ్లు మూసుకుని, పెదాలు కదపకుండా ఆ శ్రుతి అందుకున్నాడు.

ఆ చెయ్యి అట్లా ఆగడం నేను ఇంతకు ముందొకసారి చూశాను. అప్పుడు పాడింది మా తమ్ముడు.

మాది పాట మీద బతికిన ఇల్లు. తాతా, నాయనా, చిన్నాయనా అందరూ కచేరీలు చేసినవాళ్లే. ఆడపిల్లనని నాకు పాఠం చెప్పలేదు. వినే పని మాత్రం అప్పజెప్పారు. నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరు దాటి సముద్రం దగ్గర ఉండేవాళ్లం. తెల్లవారకముందే నాయన తమ్ముణ్ణి నీళ్ల అంచున నిలబెట్టి అలల హోరుకు ఎదురు పాడించేవాడు. నేను దూరంగా సరుగుడు తోట దగ్గర నిలబడాలి. పై స్థాయిలో వాడు తీసే ‘సా’ వినబడితే చెయ్యెత్తాలి. కాళ్ల కింద చల్లటి ఇసుక, కళ్లలో తీరని నిద్ర, హోరును చీల్చుకుని సన్నగా ఆ గొంతు. నా చెయ్యి దానంతటదే లేచేది. నెల్లూరు హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు కూడా ఆ వేళకు మెలకువ వచ్చేది. ఇప్పటికీ వస్తుంది.

తమ్ముడికి పెరుగు లేదు, గోలీసోడా లేదు, అరిచి ఆడే ఆటలు లేవు. గొంతుకు మంచిదని రోజూ రాత్రి మిరియాల పాలు తాగించేవాళ్లు. బడిలో పిల్లలు ‘మిరియాల పాల సామీ’ అని ఏడిపించేవాళ్లు. పదమూడో ఏట వాడి గొంతు మారింది. వేరే ఇంట్లో అయితే పిల్లాడు ఎదుగుతున్నాడనుకునేవాళ్లు. మా ఇంట్లో సాధన తగ్గిందనుకున్నారు. అదే శ్రుతిలో, ఊరుకోనియ్యకుండా పాడించారు. వాడూ పాడాడు. కొన్నాళ్లకు మాటే బొంగురుపోయింది. మళ్లీ తేరుకోలేదు. ఇప్పుడు తడ ఊళ్లో గుమాస్తా. స్నానం చేస్తూ కూడా కూనిరాగం తీయడు.

నిన్న చెయ్యి కడుక్కుని వచ్చి నాయన అడిగాడు: “వీడిని నాకియ్యి అమ్మా. నా దగ్గరే పెట్టుకుని నేర్పిస్తా.”

మా ఆయన నవ్వి, మా వైపు పాడినవి మడికయ్యల్లో కప్పలే మామా, వీడికి ఆ పోలిక రాకుంటే చాలు అన్నాడు. నాయన నవ్వలేదు.

“వీడి గొంతు మారే రోజు వస్తే, నాయనా?” అన్నాను.

నాయన పెరటి వైపు చూశాడు. “నా గొంతు మారినప్పుడు మా నాయనా ఆపలేదమ్మా. నాకు నిలిచింది. నీ తమ్ముడికీ నిలుస్తుందనుకున్నా,” అన్నాడు.

వీడి విషయంలో అట్లా చేయనని కూడా అన్నాడు. నమ్మాను. ఆ గొంతు మళ్లీ వినాలని ఆయనకెంత ఉందో నాకూ అంతే ఉంది. పంపిద్దామనే అనుకుంటూ పిల్లాడి పక్కన పడుకున్నాను. వాడు నిద్రలో దగ్గాడు. మిరియాల పాలు కాచాలని లేచాను. సాయంత్రం పెరుగన్నం ఎందుకు పెట్టానా అని తిట్టుకుంటూ పొయ్యి దాకా పోయాను. అక్కడ నన్ను చూసుకుని నాకే భయమేసింది.

ఈ ఉదయం నాయన బస్సుకు బయలుదేరకముందే, ఆయన వింటుండగానే పిల్లలిద్దరికీ చెప్పాను.

“తాతతో ఎవరూ పోవడం లేదు. పాట కావాలంటే సాయంత్రాలు నేనే చెప్తా, ఇద్దరికీ. నాకెవరూ నేర్పలేదు గాని, విన్నాను. గొంతు నొప్పి పుడితే లేచిపోయి ఆడుకోండి.”