పడటం నేర్పే టీచరమ్మ

ఏళ్ళ తరబడి డాన్సు టీచరమ్మ పిల్లలకు కింద పడటం నేర్పుతోంది. పాతకాలపు పాశ్చాత్య రంగస్థల నాట్యం బ్యాలేలో బూట్లు తొడుక్కుని, నేలంటే గిట్టనట్టు గాల్లో తేలేవారట. ఆమె గురువు తరంవాళ్ళు విసుగెత్తి బూట్లు విడిచేసి, ఒంటి బరువును దాచకుండా నేలకు ఒప్పజెప్పడమే కొత్త నాట్యమన్నారు. ఆ చలవ వల్లే ఆమె మోచేతులు రెండూ కాయలు కాశాయి. ఇంటి చాకిరీ, మంచాన పడ్డ అత్తగారి పనులు ముగించుకుని, తడి జుట్టు ముడేసుకుంటూ హాల్లోకి వస్తుంది. ఒకరోజు అలాగే పడి చూపించి, ఇక లేవలేదు. చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అదీ పాఠమేననుకుని పిల్లలంతా పక్కన పడి, చెంపల కింద చేతులు పెట్టుకున్నారు. ఆ ఏటి ప్రదర్శనలో ఆ ఘట్టానికే చప్పట్లు మోగిపోయాయి.

"ఎలా తట్టిందమ్మా నీకు?" అని కూతురు అడిగింది. "తట్టడమేంటే, ఒళ్ళు హూనమై లేవలేకపోయాను" అంటే నవ్వేసింది తప్ప నమ్మలేదు. మొన్న కొత్తగా చేరినవాళ్ళకు చూపిస్తూ టీచరమ్మ పడీ పడగానే లేవబోయింది. పాత విద్యార్థిని ఒకమ్మాయి ఆపింది. "అప్పుడే లేవకూడదు టీచర్. చెంప కింద చెయ్యి పెట్టి, ఊపిరి నెమ్మదించాకే కదా లేవాలి?"

"అవునే, మర్చేపోయాను" అంటూ టీచరమ్మ బుద్ధిగా మళ్ళీ పడుకుంది.