ఏడవని ఎలుగుబంటి

ఆ రోజుల్లో సినిమా బాగోలేదని చెప్పడానికి ఎవరూ భయపడేవారు కాదు. ఇంటర్వెల్లో సోడా తాగుతూ చెప్పేసేవాళ్ళం. పక్కన ఓనరు నిలబడి ఉంటే ఇంకాస్త గట్టిగా చెప్పేవాళ్ళం. ఇప్పుడు మా మనవలు నోరు విప్పే ముందు ఎవరేమన్నారో ఫోనులో చూసుకుంటున్నారు. నేను మాత్రం మారలేదు. మారమని చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో మొదటివారు నరసాపురం దగ్గర మా ఊరి సినిమా హాలు ఓనరుగారు. తొంభైల్లో ఆయన హాల్లో ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపేదాన్ని. అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు. (వచ్చింది తర్వాత చాలా ఏళ్ళకి, రాత్రిబడిలో, నా కూతురి వయసు పంతులమ్మ చేత చీవాట్లు తిని.) టికెట్టు రంగు చూసి నేలకా, బెంచీకా, కుర్చీకా పంపించేదాన్ని. కథ బాగుందో లేదో తెలియడానికి ఆ రంగు కూడా అక్కర్లేదు.

ఒక వేసవిలో మా హాలుకి బొమ్మల సినిమా వచ్చింది. ఎక్కడో పరాయి దేశంలో గీస్తే, మనవాళ్ళు దానికి తెలుగు మాటలు పెట్టారు. పడవ నడిపే ముసలి ఎలుగుబంటి కథ. వాళ్ళమ్మ ఏటి అవతల ఉండిపోయిన ఒక చిన్నపిల్లని, వరదలో అవతలి రేవుకి చేర్చాలి. కథంతా అంతే. "పిల్లల బొమ్మలకి మన ఆడవాళ్ళెవరొస్తారు?" అని ఓనరుగారు పెదవి విరిచారు. వచ్చారు. ఖాళీ గంపలు హాలు గోడవారన బోర్లించి, చేపల వాసనతో సహా వచ్చారు. చేపల వేటకి వెళ్ళిన మగవాళ్ళు తిరిగొచ్చేదాకా ప్రాణాలు ఉగ్గబట్టుకునే ఊరు మాది, ఏరు దాటే కథ మాకు పిల్లల కథ ఎలా అవుతుంది? నడి ఏట్లో తెడ్డు విరిగిపోయి ఆ ఎలుగుబంటి కంచాలంత కళ్ళు చేసుకుని ఏడుస్తుంటే, ఆ కన్నీళ్ళకే పడవ మునగబోతుంటే, ఆ పిల్ల దోసిళ్ళతో నీళ్ళు తోడిపోస్తూ "ఊరుకో తాతా" అంటుంటే, హాలంతా ముక్కులు చీదిన చప్పుడే. మా చిన్నత్త (చేపల బజారులో ఆవిడ గొంతు లేస్తే తక్కెడ ముల్లు కూడా కదలడానికి జంకేది) కొంగు పిండుకుంటూ బయటికి వచ్చి, "మీ మావయ్య పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదే" అంది. అబద్ధం కాదు, నేను అక్కడే ఉన్నాను.

బొమ్మ బాగా ఆడిందని తెలిశాక, తీసినవాళ్ళు ఊరుకోలేదు. రెండో భాగం తీశారు. అందులో ఎలుగుబంటికి తమ్ముడు పుట్టుకొచ్చాడు. తర్వాత టీవీలో ఆదివారం ఆదివారం అదే ఎలుగుబంటి. చేపల పులుసు మర్నాడు రుచిగా ఉంటుందని ఎవరైనా ఒప్పుకుంటారు. నాలుగోనాడు కూడా అదే కుండ దించితే పిల్లి సైతం లేచి వెళ్ళిపోతుంది. కొన్నేళ్ళకి ఆ నాలుగోనాటి పులుసే మా హాలుకి వచ్చింది. అదే పేరు, అదే కథ, అవే మాటలు, కాకపోతే ఈసారి నిజం మనుషులు, నిజం ఏరు, మిషన్లతో ఆడించే ఎలుగుబంటి. ఓనరుగారు పోస్టరు ముందు నిలబడి, "కోట్లు పోశారమ్మా, అచ్చం అసలు ఎలుగుబంటే!" అని మురిసిపోయారు. అచ్చం అసలు ఎలుగుబంటే, దాని రోగమూ అదే. అసలు ఎలుగుబంటి మొహం చూసి అది ఏడుస్తోందో, ఆకలేస్తోందో, నిద్దరొస్తోందో ఎవరు చెప్పగలరు?

మొదటిరోజు ఇంటర్వెల్లోనే మా వాళ్ళు తీర్పు చెప్పేశారు. "ఆ తెడ్డు పట్టడమేంటే, అట్లకాడ పట్టుకున్నట్టు? అలా వేస్తే పడవ అక్కడే గుండ్రంగా తిరుగుద్ది" అని ఒకావిడ. "బొమ్మలో ఎలుగుబంటి ఇంకా అధ్వానంగా వేసింది కదే" అన్నాను. "అది బొమ్మే! బొమ్మ ఎలా వేసినా నడుస్తుంది. నిజమని చెప్పి చూపిస్తే నిజంగా వెయ్యద్దూ?" అంది చిన్నత్త. ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళని నేను ఇప్పటిదాకా చూడలేదు.

రెండు రోజుల్లో ఆడవాళ్ళ వైపు బెంచీలు ఖాళీ. ఓనరుగారు నన్ను పిలిచి, "చూడమ్మా, ఆదివారం మ్యాట్నీకి నీ వైపు నిండకపోతే ఆ గేటు మూసేస్తాను. మగాళ్ళ గేటొకటి చాలు. నువ్విక రానక్కర్లేదు" అన్నారు. అప్పటికి మా ఆయన నడుం పట్టేసి వేట మానేశాడు. ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ గేటు వల్లే. "వీధుల్లోకి వెళ్ళి సినిమా బ్రహ్మాండంగా ఉందని చెప్పు" అన్నారు. "రమ్మని చెబుతానండి. బాగుందని చెప్పనండి" అన్నాను. "చదువు లేకపోయినా పొగరుకి తక్కువ లేదు!" అన్నారాయన. "చదువుకున్న మీకు బాగుందాండి?" అని అడిగాను. ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయారు.

ఇంటింటికీ తిరిగాను. "సినిమా ఏమీ బాగోలేదు. కానీ నా గేటు పోయేలా ఉంది, ఆదివారం రండి" అని ఉన్నదున్నట్టు చెప్పాను. (ఇలాంటి ప్రచారం ఏ సినిమాకీ జరిగి ఉండదు.) "ఏం ఖర్మే, నీ కోసం ఆ మొద్దు మొహాన్ని మళ్ళీ చూడాలా?" అని తిట్టుకుంటూనే అందరూ వచ్చారు. నేల, బెంచీ, కుర్చీ, అన్నీ నిండాయి.

ఆ ఆదివారం నుంచే మా ప్రింటుని పక్క ఊరి హాలు వాళ్ళు కూడా పంచుకుంటున్నారు. అప్పట్లో అదే పద్ధతి. అక్కడ ఒక రీలు ఆడగానే డబ్బాలో పెట్టి మోపెడ్ మీద మాకు పంపేవారు. ఆ హాల్లో పాత బొమ్మల సినిమా డబ్బాలు తిరిగి పంపకుండా ఒక మూల పడి ఉన్నాయట. డబ్బా మీద పేరు ఒకటే, రీలు నంబరూ ఒకటే. మనుషులు తప్పు చెయ్యడానికి ఇంకేం కావాలి?

తెర మీద వరద. తెడ్డు విరిగింది. కోట్ల ఎలుగుబంటి గోడకేసి చూసినట్టు చూస్తోంది. "ఏడవరా నాయనా, దండం పెడతాను, ఒక్క చుక్క!" అని చిన్నత్త అరిచింది. సరిగ్గా అప్పుడే రీలు మారింది. తెర మీద రంగులు భగ్గుమన్నాయి. కంచాలంత కళ్ళేసుకుని మా బొమ్మ ఎలుగుబంటి బావురుమంది. కథ ఎక్కడా తెగలేదు, మాట ఎక్కడా తప్పలేదు. తు.చ. తప్పకుండా మళ్ళీ తీశారు కదా, అతుకు కూడా కనిపించలేదు. హాలు ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ వెంటనే ఈలలు, చప్పట్లు.

ఓనరుగారు "ఆపండి, ఆపండి!" అంటూ మెట్లెక్కి ఆపరేటరు కేబిన్ వైపు పరిగెత్తారు. ఎలా వెళ్ళానో తెలియదు, ఆయన కంటే ముందు వెళ్ళి గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

"తప్పుకో! పరువు పోతోంది!"

"తప్పుకోనండి. హాలు నింపమన్నారు, నింపాను. వాళ్ళిప్పుడు ఏడుస్తున్నారు. మధ్యలో ఆపితే మీరే వెళ్ళి ఊరుకోబెట్టండి."

"నీ ఉద్యోగం ఉండదు!"

"రీలు అయ్యాక తీసేయండి."

లోపల్నుంచి ఆపరేటరు బాబాయి, "బాబుగారూ, ఒక్కసారి ఈ కంతలోంచి చూడండి" అన్నాడు. ఓనరుగారు నా చెయ్యి కిందుగా వంగి వెళ్ళి చూశారు. తెరని కాదు, కింద కూర్చున్న ఆడవాళ్ళని. చాలాసేపు అలాగే వంగి ఉండిపోయారు. లేచినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కార్బన్ పొగ" అన్నారు, ప్రొజెక్టరు దీపం వైపు చూపిస్తూ. తర్వాతి రీలు సరైనదే పడింది, అదే మొద్దు మొహం. హాలు గొల్లుమంది. "వన్స్‌మోర్!" అని ఒకటే కేకలు. మామూలుగా పాటలకి అడిగేవారు, ఈసారి ఏడుపుకి అడిగారు. ఓనరుగారు నా వైపు చూడకుండానే, "వెయ్యవయ్యా, ఆ బొమ్మ రీలే మళ్ళీ వెయ్యి" అన్నారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆయనే గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "హాలు నిండింది కాబట్టి గేటు ఉంటుంది. కానీ నిన్న నాకు అడ్డం రావడం తప్పని ఒప్పుకో" అన్నారు. "తప్పయితే గేటు మూసేయండి" అని, ఆ రోజు టికెట్లు చింపడానికి నా స్టూలు మీద కూర్చున్నాను. గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఏ కొత్త సినిమా వచ్చినా, బయటికి వచ్చిన ఆడవాళ్ళని కాకుండా ముందు నన్నే అడిగేవారు, ఎటో చూస్తూ, "ఎలా ఉందంటావు?" అని.

ఇంట్లో పొయ్యి సంగతి మరిచిపోయి, ఒక ఎలుగుబంటి ఏడుపు కోసం గుమ్మంలో చేతులు చాపిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు కాస్త భయమేస్తుంది. అంత ధైర్యం ఈ ఒంట్లోనే ఉండేదా అని నవ్వూ వస్తుంది. ఏ హాలు గుమ్మంలోనైనా ఆ పిల్ల నాకెదురైతే, టికెట్టు అడగను. లోపలికి పంపించి, మంచి కుర్చీ చూసి కూర్చోబెడతాను.