బక్కెట్టు నిండని వారం

మా అత్తకు ఏసీ అంటే చల్లగాలి కాదు, నీళ్లు.

ధర్మవరంలో మా ఇంటి మగ్గం గదికి ఏసీ బిగించిన రోజున, గోడ బయట సన్నటి పైపులోంచి చుక్కలు పడుతుంటే చూసి ఆమె గబగబా పోయి బక్కెట్టు తెచ్చి కింద పెట్టింది. మాకు కొళాయి మూడు దినాలకోసారి వస్తుంది. గాలిలోంచి నీళ్లు పిండే మిషను ఇంటికే వస్తే ఊరికే వదులుతుందా? సాయంత్రానికి బక్కెట్టు నిండేది. ఆ నీళ్లతో బండలు తుడిచేది, మిగిలితే కరివేపాకు చెట్టుకు పోసేది.

ఏసీ పెట్టించింది నీళ్ల కోసం కాదు, మామ కోసం. అంతకుముందు ఎండాకాలం ఆయనకు వడదెబ్బ తగిలింది. ఇంకోసారి తగిలితే మనిషి దక్కడం కష్టమని డాక్టరు మొహం మీదే చెప్పాడు. మగ్గం దిగమంటే మామ వింటాడా? "మగ్గం కింద గుంతలో పెడితేనే నాకు కాళ్లుండేది తెలుస్తాది" అంటాడు. మనిషి కదలనప్పుడు చల్లదనాన్నే అక్కడికి తెద్దామని నేను పట్టుబట్టాను. ఏసీ గాలి బయటికి పోకూడదని గది కిటికీలు కూడా మూయించాను.

నేను బడిలో సైన్సు చెబుతాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం అత్త అంది: "ఈ పొద్దు బక్కెట్టు సగమే అయింది పాపా."

"ఎండలు ముదిరినాయి గదత్తా."

"అదేలే. యాడ జూసినా ఇంతే గదా" అని ఆమె ఊరుకుంది, నేనూ ఊరుకున్నాను.

మా సీమలో నీళ్లు తగ్గితే ఎందుకు తగ్గాయని ఎవరూ అడగరు. బోరు తగ్గుతుంది, కొళాయి తగ్గుతుంది, ట్యాంకరు రావడం తగ్గుతుంది. మేం వాడకం తగ్గించుకుంటాం, అంతే. అత్త కూడా అదే చేసింది. బండలు తుడవడం మానేసి ఆ సగం బక్కెట్టు చెట్టుకు పోసింది. రెండు రోజులకు నీళ్లు అడుగుకు దిగితే, చెట్టుకు కూడా దినం మార్చి దినం పోసింది. మిషను చెడిపోయిందేమోనని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఎండాకాలం కదా, దానికీ తప్పదనుకున్నాం.

అలా అనుకున్నానే కానీ, ఆ వారమంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఒంటిపూట బడి నుంచి రాగానే మగ్గం గదిలోకి పోయి రిమోటు చూసేదాన్ని. ఇరవై నాలుగు అని ఉండేది. గది మాత్రం ఉక్కగా అనిపించేది. పద్దెనిమిదికి దించి బయటికి వచ్చేదాన్ని, పది నిమిషాలకు మళ్లీ పోయేదాన్ని. "ఏమ్మా, నన్ను కావిలి కాస్తాండావా?" అనేవాడు మామ, పట్టు పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసురుతూనే. ఒకరోజు పెరట్లోకి పోయి చూస్తే ఏసీ డబ్బాకు తగిలించిన సన్న రాగి గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. అంత ఎండలో మంచు! ఇంత బాగా పనిచేస్తుంటే నాకెందుకీ అనుమానం అని నన్ను నేనే కసురుకున్నాను. అయినా మర్నాడు పాఠం మధ్యలో ఇంటికి ఫోను చేశాను.

"మామ ఎట్లుండాడత్తా?"

"నేస్తాండాడు. ఊరికే ఎందుకు భయపడతావ్?"

ఆ మధ్యాహ్నం నేను గుమ్మంలోకి వచ్చేసరికి మగ్గం చప్పుడు లేదు. తలుపు తోస్తే లోపలి నుంచి వేడి మొహాన కొట్టింది. ఏసీ తిరుగుతూనే ఉంది, రిమోటులో పద్దెనిమిది కనబడుతూనే ఉంది. మామ గుంతలో కాళ్లు పెట్టుకుని, నేసిన చీర మీదికి ఒరిగి ఏదో గొణుగుతున్నాడు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది, చెమట చుక్క లేదు.

"నీళ్లు తే అత్తా" అన్నాను. ఆమె అలవాటుగా పెరట్లో బక్కెట్టు దగ్గరికే పోయింది. బక్కెట్టు ఎండిపోయి ఉంది. ఒక్క క్షణం దాని ముందు నిలబడింది. తర్వాత వంటింట్లోకి పోయి, మూడు దినాలకని దాచిన తాగునీళ్ల బిందె ఎత్తుకొచ్చి మామ నెత్తిన కుమ్మరించింది. గ్లాసులో మిగిలిన గుక్కెడు నీళ్లు కూడా చెట్టుకు పోసే మనిషి ఆమె. రెండో బిందె కూడా పోసింది. మగ్గం మీది పట్టు తడిసిపోతుందని అప్పుడు ఎవరికీ గుర్తులేదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు మామ చర్మం తడిమి చూసి అడిగాడు. "చెమట ఎప్పటినుంచి పట్టలేదు?"

అత్త నా వైపు చూసింది, తర్వాత కింద చూసింది.

"నిన్నటినుంచి సార్. ఎండాకాలం గదా, తగ్గిందేమోలే అనుకుంటి."

ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరెక్కడిది? ఆ మాట ఆమెకు నేర్పింది నేనే.

మామ బతికాడు. ఆయన ఆసుపత్రిలో ఉండగానే మెకానిక్ వచ్చి పెరట్లో గొట్టం చూసి పెదవి విరిచాడు. "గ్యాసు కారిపోతాంటేనే ఈడ మంచు కడతాది మేడం. లోపల చల్లదనం తగ్గితేనే నీళ్లూ తగ్గేది. నీళ్లు తగ్గిన దినమే పిలిచింటే ఇంతదూరం వచ్చేది కాదు." నేను ఏ క్లాసుకు ఏం చెబుతానో అతను అడగలేదు, అదే పదివేలు.

ఇప్పుడు బక్కెట్టు మళ్లీ నిండుతోంది. మామ పూటకు ఒక గంటే మగ్గమెక్కుతాడు. అత్త మాత్రం గడియకోసారి పని వదిలి వచ్చి, ముందు ఆయన మెడ మీద చెయ్యి పెట్టి చూస్తుంది, ఆ తర్వాతే పెరట్లోకి పోయి బక్కెట్టు చూస్తుంది.

"నేనేమన్నా పైపునా?" అని విసుక్కుంటాడు మామ.

కోడలిని కదా, ఆయన మెడ మీద చెయ్యి వేసే చనువు నాకు లేదు. నా భయం మాత్రం ఇంకా పోలేదు. అందుకే అత్త బయటికి రాగానే, కొంగుకు తుడుచుకోకముందే ఆమె చెయ్యి పట్టుకుని చూస్తాను. ఆయన చెమటకు తడిగా ఉంటుంది.