నా గ్లాసు మీద లాటిన్

వేదాద్రి నరసింహస్వామి సాక్షిగా చెబుతున్నాను, ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. జగ్గయ్యపేటలో నా సంగతి తెలిసినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వి ఉంటారు. నవ్వనివ్వండి.

డెబ్భైల చివర్లో నేను అక్కడ ఒక స్టీలు సామాన్ల కొట్లో పేర్లు కొట్టేవాణ్ణి. పెళ్లికి చదివించే బిందె మీదో గ్లాసు మీదో, ఇచ్చినవాళ్ల పేరు చిన్న సుత్తీ ఉలీ పెట్టి చుక్కలు చుక్కలుగా చెక్కడం నా పని. పెళ్లిళ్ల రద్దీలో ఒకరోజు వెంకటసుబ్బమ్మ అని కొడుతూ, సుబ్బమ్మ దగ్గరికి వచ్చేసరికి దగ్గు తెర వచ్చింది. ఉలి జారి గీత బిందె మెడ దాకా పాకింది. దగ్గు అప్పటికే చాలా రోజులుగా ఉంది, సాయంత్రమైతే జ్వరం. అడిగినవాళ్లకు కృష్ణలో మొసలితో కుస్తీ పట్టి పడిశం తెచ్చుకున్నానని చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం బిందె మీద ఎర్రటి తుంపర కనబడింది. గుడ్డతో తుడిచేశాను. సాయంత్రం దాకా ఎవరికీ ఏ కథా చెప్పలేదు.

నందిగామ వైపున్న ఒక మిషన్ ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు, కళ్లె పరీక్ష చేశారు.

"స్ప్యూటమ్ పాజిటివ్. ఎడమ లంగ్‌లో క్యావిటీ ఉంది. టీబీ," అంది డాక్టరమ్మ. "మందుంది, తగ్గుతుంది. ఏడాదిన్నర వాడాలి. మధ్యలో మానకూడదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకో."

"ఏడాదిన్నర నేను నోరు మూసుకుంటే మా ఊరికి పొద్దెలా పోతుందండీ?"

ఆమె నవ్వలేదు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, ఐఎన్‌హెచ్ మాత్రలు రాసింది.

సంగతి చెబుదామని కొట్టుకు వెళితే షావుకారు గారు నన్ను మెట్ల దగ్గరే ఆపారు. "జనం నోట పెట్టుకునే సామాన్లు కదయ్యా. నువ్వు ముట్టుకుంటే కొనేదెవరు?" అన్నారు. చెడ్డ మనిషి కాదు. లోపలికెళ్లి కొత్త గ్లాసూ పళ్లెమూ తెచ్చి ఇచ్చారు. "ఇంట్లో నీకు విడిగా ఉంచుకో."

ఊళ్లో సగం ఇళ్ల గ్లాసుల మీద నా చేతి చుక్కలున్నాయి. నాకిచ్చిన గ్లాసు మీద ఏ పేరూ లేదు. జబ్బు కంటే అది ఎక్కువ లోతుకు దిగింది. మళ్లీ ఆ కొట్లో నా పీట మీద కూర్చుంటేనే నేను మనిషినని అప్పుడే అనుకున్నాను.

కొన్నాళ్లు వార్డులో ఉన్నాను. అక్కడికి వచ్చే వయసు మళ్లిన ఒక కేరళ ఫాదర్ నా గ్లాసు చూసి, "పేర్లు కొట్టేవాడివి, నీ గ్లాసు బోడిగా ఉందేం?" అన్నారు.

"నా పేరు వింటేనే పక్కకి జరుగుతున్నారు ఫాదర్."

"అయితే పేరొద్దు. పూర్వం దొరల దేశాల్లో పెద్ద వంశాలవాళ్లు డాళ్ల మీద రోమువాళ్ల పాత భాష లాటిన్‌లో ఒక మాట రాసుకునేవాళ్లు. తాము దేనికి కట్టుబడి ఉంటారో ఆ మాట చెప్పేది." రెండు మాటలు చెప్పారు. మొదటిది, డుమ్ స్పిరో స్పెరో. ఊపిరున్నంత వరకు ఆశ విడవను. రెండోది, ఎస్సే క్వామ్ విదేరి. పైకి కనిపించడం కాదు, నిజంగా అలా ఉండటం.

"రెండోది నాలాంటి వాడికి పడదు ఫాదర్," అన్నాను.

మొదటిది ఊపిరితిత్తులు పాడైనవాడికి కొలిచి కుట్టినట్టుంది. మా ఆవిడ నాంచారమ్మ చేత ఉలీ సుత్తీ తెప్పించి, తెలుగక్షరాల్లో గ్లాసు మీద కొట్టుకున్నాను.

మా వైపు గిన్నె మీద పేరుందంటే అది ఇచ్చినవాళ్ల పేరే. నేను ఇంటికి రాగానే పక్కింటి రత్తమ్మ గుమ్మంలోంచే కూడబలుక్కుని చదివింది.

"డుమ్ వారెవరు అన్నయ్యా? నందిగామోళ్లా?"

"రోమాపురి. మీ వదినకి పెదనాన్న వరస."

"అంత దూరం నించి వచ్చి గ్లాసొకటే చదివించాడా?"

"పళ్లెం కూడా. పేరు కొట్టడం ఇంకా కాలేదు."

ఆ వారానికల్లా నా రోము చుట్టరికం చందర్లపాడు దాకా పాకింది. నన్ను చూసి పక్కకి తప్పుకున్నవాళ్లు గ్లాసు చూడటానికి గుమ్మం దాకా వచ్చారు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని అందరికీ ఓపిగ్గా అబద్ధాలు చెప్పాను.

ఒళ్లు చేసింది. ఇంజెక్షన్లకు చెవుల్లో హోరు, తల తిరుగుడు. తగ్గిపోయిందిలే అని మందులు మానేశాను. నెలలు తిరక్కుండానే మళ్లీ రక్తం పడింది.

"తగ్గింది దగ్గయ్యా, జబ్బు కాదు. మళ్లీ మొదట్నించీ," అంది డాక్టరమ్మ.

ఆశ విడవనని గ్లాసు మీద కొట్టుకుని మాత్రలు విడిచిపెట్టాను. ఆ గ్లాసు మొహం చూడటానికి సిగ్గేసింది. ఆ రోజు నుంచి పొద్దున్నే మాత్రలు అందులోనే వేసి ఉంచి, ఆ మాట పైకి చదివాకే మింగేవాణ్ణి. వాంతులైనా, ఒళ్లు తూలినా ఆపలేదు. చివరికి స్ప్యూటమ్ నెగెటివ్ వచ్చింది. ఇంకోసారి చేయించాను. నెగెటివే.

గ్లాసు పట్టుకుని కొట్టుకు వెళ్లాను. "నెగెటివ్ అని డాక్టరమ్మ చెప్పింది. పీట వెయ్యండి. నేను దగ్గేవాణ్ణి కాదు, పేర్లు కొట్టేవాణ్ణి," అన్నాను. షావుకారు గారు నా గ్లాసు తీసుకుని, కుండలో నీళ్లు ముంచి, అందరూ చూస్తుండగా గటగటా తాగారు.

ఇప్పుడు ఎనభైలు సగం దాటాయి. అదే పీట మీద కూర్చుంటున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. ఒంట్లో బాగుందనిపించిన రోజున మందు మానకండి, డాక్టరు చాలన్న రోజున మానండి.

ఇక్కడితో ఆపుదామంటే ఫాదర్ చెప్పిన రెండో మాట అడ్డం పడుతోంది. షావుకారు గారు నా గ్లాసులో నీళ్లు తాగలేదు. అది నేను కల్పించాను. పీట వెయ్యమన్న మాటలూ నావి కావు. నేను మెట్ల కింద నిలబడి చెప్పులు చూసుకుంటున్నాను. ఆ మాటలన్నది నాంచారమ్మ. నీళ్లు ముంచుకుని తాగిందీ ఆవిడే. ఆ తర్వాతే పీట ఇవతలికి జరిగింది.

పళ్లెం ఇన్నేళ్లూ బోడిగానే ఉంది. మొన్న దాని మీద చుక్కలు పెట్టాను, లాటిన్ కాదు. పళ్లెం ఇచ్చింది షావుకారు గారే, నా పీట నాకిచ్చింది మాత్రం ఆవిడ. ఇచ్చినవాళ్ల పేరే కొట్టాలి కదా, నాంచారమ్మ అని కొట్టాను.