మర్నాటి మాస్టారి బెంచీలు

ఆయనకి ఒక్కటే జబ్బు. ఇవాళ జరిగినదాని గురించి ఇవాళ అడగరు, రేపు అడుగుతారు. కళ్ళెదురుగా ఉన్నదాన్ని ఎవరైనా చెప్తారు, మర్నాటికి మిగిలిందే లెక్క అని ఆయన సిద్ధాంతం. బడిలో ఒక్క రోజు పాఠం చెప్పిన మనిషి కాకపోయినా, పరుపుల కంపెనీలో అందరూ ఆయన్ని మర్నాటి మాస్టారు అనేవారు.

ఉద్యోగం కూడా జబ్బుకి తగ్గదే దొరికింది. కంపెనీ పరుగు పందేలకీ పాటల పోటీలకీ స్పాన్సర్‌గా ఉండి, అక్కడ తన పేరు పెట్టించుకుంటుంది. ఆ పేరు జనం బుర్రకెక్కిందా లేదా అని కొలిచి చెప్పడం మాస్టారి పని. వచ్చినవాళ్ళ ఫోన్ నంబర్లు రాసుకుని, మర్నాడు సరిగ్గా పదింటికి ఫోన్ చేసి, నిన్నటిది ఏ కంపెనీ వాళ్ళదో గుర్తుందా అని అడిగేవారు.

పెళ్ళి విషయంలోనూ అంతే. సంబంధం చూసుకోవడానికి వెళ్ళొచ్చిన మర్నాడు ఆ ఇంటికి ఫోన్ చేసి, అమ్మాయికి తన మొహం గుర్తుందేమో కనుక్కోమన్నారు. "మొహం గుర్తులేదు గానీ ఈ ఫోన్ మాత్రం జన్మలో మర్చిపోను" అని లోపల్నుంచి జవాబొచ్చింది. ఆ జవాబు చెప్పినావిడే ముప్ఫై ఏళ్ళుగా ఆయనకి వండి పెడుతోంది. కూర ఎలా ఉందని వడ్డించేటప్పుడు అడగడం ఆవిడ ఎప్పుడో మానేసింది, మర్నాడు ఎటూ చెప్తారు కదా అని.

ఎనిమిది నెలల క్రితం ఆయన మీద కొత్త మేనేజర్ వచ్చింది. చురుకైన మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. చేరిన మర్నాడే మాస్టారు ఆవిడ గదిలోకి వెళ్ళి, నిన్న లోపలికొచ్చేటప్పుడు గేటు మీద అక్షరాలు ఏ రంగులో ఉన్నాయో గుర్తుందా అని అడిగారు. ఆవిడ కాసేపు నీళ్ళు నమిలి, నీలం అంది. మాస్టారు ఎరుపని చెప్పి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. ఈయనతో వేగడం కష్టమేనని ఆవిడకి ఆ రోజే అర్థమైంది.

ఆ పుస్తకంలో అబద్ధం ఉండదని మాత్రం పరుగు పందెం అయ్యాక తెలిసింది. జనాన్ని పడుకోబెట్టాల్సిన పరుపుల కంపెనీ తెల్లవారుజామునే లేపి పరిగెత్తించడం ఏమిటో గానీ, నాలుగువందల మంది వచ్చారు. మర్నాడు మాస్టారు అందరికీ ఫోన్ చేశారు. మూడువందల మంది అది చెప్పుల కంపెనీ అన్నారు. ఎనభై తొమ్మిది మంది కాళ్ళు లాగేస్తున్నాయి, తర్వాత చెయ్యండి అన్నారు. పదకొండు మంది సరిగ్గా చెప్పారు, అందులో తొమ్మిదిమంది సొంత కంపెనీ ఉద్యోగులే. పెద్దలెవరికీ నచ్చదని తెలిసినా మాస్టారు ఆ తొమ్మిదిమందినీ కొట్టేసి, ఇద్దరే అని రాసిచ్చారు.

ఇక బెంచీల సంగతి. పెద్దాసుపత్రిలో రోగుల తాలూకు మనుషులు కూర్చునే హాల్లో కంపెనీ మెత్తలు కుట్టించిన బెంచీలు నలభై వేయించింది. వీపు ఆనించే చోట కంపెనీ పేరు పెద్దగా రాయించింది. తీరా చూస్తే మనిషి కూర్చుంటే పేరు కనబడదు, పేరు కనబడాలంటే బెంచీ ఖాళీగా ఉండాలి. అవి ఒక్క గంట కూడా ఖాళీగా ఉండవు. ఆ ఆలోచన తనదేనని ఏ పెద్దమనిషీ ఒప్పుకోలేదు.

నూటికి పదిమందికైనా పేరు గుర్తులేకపోతే ఆ స్పాన్సర్‌షిప్ ఆపెయ్యాలని కంపెనీ నియమం. ఆపేస్తే బెంచీలు ఊడదీసి షోరూములకి తీసుకెళ్తారు. శుక్రవారం లోపల సంతకం పెట్టి పంపాలి. మాస్టారు మేనేజర్ బల్ల మీద పెట్టిన నివేదికలో నూటికి మూడు అని ఉంది.

"బెంచీలు పోతే వాళ్ళు మళ్ళీ నేలమీదే కూర్చుంటారు మేడమ్" అన్నారు మాస్టారు. "కానీ లెక్క లెక్కే కదా."

ఆవిడ కలం తీసింది. చివరి పేజీలో అడుగున చిన్న అక్షరాలతో ఒక వరుస కనబడింది. మొత్తం అడిగింది తొమ్మిదివందల మందిని, అందులో చెల్లనివి ఆరువందల నలభై. ఇన్ని ఎందుకు చెల్లలేదని అడిగితే, అవి కల్తీ జవాబులని మాత్రం చెప్పి మాస్టారు కిటికీ వైపు చూశారు. ఆవిడకి అనుమానం వచ్చింది. ఆయన్ని పంపించేసి, ఆ జాబితాలో మొదటి నంబరుకి తనే ఫోన్ చేసింది.

ఎత్తినది ఒక దర్జీ భార్య. బెంచీల గురించి అడగబోతుంటే మధ్యలోనే అందుకుంది.

"పరుపుల కంపెనీవాళ్ళేనా అమ్మా? ఆ పెద్దాయన బాగున్నారా? మా ఆయనకి ఆపరేషన్ అయినప్పుడు పదహారు రోజులు ఫోన్ చేశారు. మీతో ఒక ప్రశ్న పనుంది అనేవారు. ముందు ఆయనకెలా ఉందమ్మా అనేవారు. ఇంకా తెలివి రాలేదండీ అంటే, సరేనమ్మా, ప్రశ్న రేపు అడుగుతాను అని పెట్టేసేవారు. ఆస్పత్రిలో మాకోసం ఫోన్ చేసేవాళ్ళు ఇంకెవరున్నారు? పదింటికోసం చూసేదాన్ని."

"చివరికి ప్రశ్న అడిగారా?"

"ఇంటికొచ్చిన మర్నాడు అడిగారు. బెంచీ మీద ఏ పేరుందో గుర్తుందా అని. మీ కంపెనీ పేరు నేనెలా మర్చిపోతానండీ అన్నాను. అయ్యో, ఇది చెల్లదమ్మా అన్నారు, పాపం."

మేనేజర్ ఇంకో పదిమందికి ఫోన్ చేసింది. ఒకరికి నాలుగు రోజులు, ఒకరికి ఇరవై. ఒకే ఒక్క ఫోన్‌తో సరిపోయినవాళ్ళనే, అంటే మర్నాటికి రోగి కులాసాగా ఉన్నవాళ్ళనే మాస్టారు లెక్కలోకి తీసుకున్నారు. ఈ మనిషిని ఎనిమిది నెలలు జిడ్డుమనిషి అనుకున్నందుకు ఆవిడకి సిగ్గేసింది.

వెంటనే మాస్టారిని పిలిచి, ఆ ఆరువందల నలభై కలిపితే నూటికి డెబ్భై రెండు వస్తోందని చెప్పింది. ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. అది బెంచీల గొప్ప కాదు, కొలిచేవాడు మధ్యలో వేలు పెట్టకూడదు అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నారు. ఆవిడ వాదించకుండా ఆయనే ఎప్పుడో తయారుచేసిన ప్రశ్నల కాగితం ముందుకు తోసింది.

"గుర్తుందా అని ఉంది మాస్టారూ. ఎందుకు గుర్తుంది అని ఎక్కడైనా ఉందా?"

ఆయన కాగితం రెండుసార్లు చదివారు. తిప్పి వెనక కూడా చూశారు. లేదని నెమ్మదిగా ఒప్పుకున్నారు. అంతలో ఇంటినుంచి ఆవిడకి ఫోన్ వచ్చింది, పాపకి జ్వరం నూట రెండుందని. బెంచీలు ఉంచాలని రాసి, చేతికందిన కలంతో గబగబా సంతకం పెట్టి, బ్యాగు తీసుకుని పరిగెత్తింది.

మర్నాడు పదింటికి ఇంట్లో ఆవిడ ఫోన్ మోగింది.

"మేడమ్, మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. ముందు పాపకెలా ఉంది?"

"ఇంకా తగ్గలేదు మాస్టారూ."

"సరే మేడమ్. ప్రశ్న రేపు అడుగుతాను."

ఆవిడ తర్వాతి రోజు పది ఎప్పుడవుతుందా అని రెండుసార్లు గడియారం చూసింది. ఆ మాట మాస్టారికి ఎప్పటికీ చెప్పలేదు.

మూడోనాడు పాప లేచి కూర్చుని, పలక విసిరేసి, ఇల్లంతా తిరుగుతోందని ఆవిడ చెప్పింది. మాస్టారు తేలిగ్గా ఊపిరి వదలడం ఫోన్‌లో వినబడింది. ఆ తర్వాత గొంతు సవరించుకున్నారు.

"మొన్న బెంచీల కాగితం మీద మీరు ఏ రంగు కలంతో సంతకం పెట్టారో గుర్తుందా మేడమ్?"

ఈసారి ఆవిడ నీళ్ళు నమల్లేదు. ధైర్యంగా నీలం అంది.

"ఆకుపచ్చ. అది నా కలం. మీ బ్యాగులోనే ఉండిపోయింది" అని, మాస్టారు పెన్సిల్‌తో రాసుకున్నారు.